క్రైస్తవ ప్రీస్కూల్లో నోవహు ఓడ బొమ్మకు రంగులు వేయించడం, బైబిల్ వాక్యానికి చేతులు ఊపించడం లాంటి ఆటలతో పాఠాలు చెబితే పిల్లలకు బైబిల్ నిజంగా వస్తుందా?

వస్తుంది. నాలుగేళ్ళ పిల్లలకు క్లాసు చెప్పినదాన్ని కాబట్టి మొహమాటం లేకుండా చెప్తున్నాను. కాకపోతే మీరు ప్రశ్నలో రాసినవి, ఓడ బొమ్మకు రంగులు వేయించడం, వాక్యానికి చేతులు ఊపించడం, ఇవి ఆటలు కావు. రంగుల కాగితం టీచరుకు విశ్రాంతి, అంతే.

ఆట అంటే ఎలా ఉంటుందో యెరికో కథతో చెప్తాను, అదే, ఇశ్రాయేలీయులు పట్టణం చుట్టూ తిరిగి కేకలు వేస్తే గోడ కూలిపోయిన కథ. ఖాళీ అట్టపెట్టెలన్నీ పోగేసి పిల్లలచేతే గోడ కట్టించాను. పెద్ద పెట్టె కింద ఉండాలని ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది, ఒకటికి నాలుగుసార్లు కూలేసరికి వాళ్ళకే అర్థమైంది. ఆరు రోజులు రోజుకొక చుట్టు, ఏడో రోజు ఏడు చుట్లు కదా, అన్నీ ఒకే పూటలో తిరిగాం. చుట్టుకొక గులకరాయి బుట్టలో వేసి చివర్లో లెక్కపెడితే 13. ఇంకో సంగతి కూడా ఉంది. కేకలు వేయమని చెప్పేదాకా ఎవరూ నోరు విప్పకూడదని వాళ్ళ నాయకుడు యెహోషువ ఆజ్ఞ. "సైలెన్స్!" అని రోజంతా అరిచినా రాని నిశ్శబ్దం అప్పుడొచ్చింది. నోటిమీద వేలు పెట్టుకుని, నవ్వాపుకోలేక బుగ్గలు ఉబ్బించుకుని మరీ తిరిగారు.

తీరా కేక వేసే సమయానికి చూస్తే ఒక పిల్లాడు గోడ లోపల కూర్చుని ఉన్నాడు. "బయటికి రా నాన్నా, గోడ పడిపోతుంది" అంటే రాడు. "ఇది మా ఇల్లు, నేనే కట్టాను" అని ఒకటే ఏడుపు. మిగతావాళ్ళు టెన్షన్‌గా నా వైపు చూస్తున్నారు. ఆ రోజు ప్లాన్‌లో రాహాబు, అంటే యెరికోలో ఉండే వేశ్య, లేదు. చిన్నపిల్లలకు చెప్పే యెరికోలో ఆమెను చాలామంది వదిలేస్తారు, ఆమె ఏం చేసేదని అడిగితే ఏం చెప్పాలోనని. అడగరండీ! వాళ్ళడిగేది ఆ ఇంట్లో ఇంకా ఎవరెవరున్నారని. ఆ గోడమీదే రాహాబు అనే ఆమె ఇల్లుండేదని, కిటికీకి ఎర్ర దారం కడితే ఇంటిల్లిపాదినీ కాపాడతామని యెహోషువ పంపిన వేగులవాళ్ళు మాటిచ్చారని అప్పటికప్పుడు చెప్పాను. డబ్బాలోంచి ఎర్ర ఊలు తీసి ఇస్తే ఏడుపు ఆపి వాడే ముడి వేసుకున్నాడు. అప్పుడు అందరూ కేక వేసి గోడ కూల్చారు, ఆ ఒక్క పెట్టె తప్ప. తర్వాత చాలా రోజులు బొమ్మలకు, కుర్చీకాళ్ళకు, చివరికి నా బ్యాగుకు కూడా ఎర్ర ఊలే.

ఇంత బాగా ఆడించి ఆఖర్లో చెడగొట్టే టీచర్లుంటారు. అందరినీ వరుసగా కూర్చోబెట్టి "ఇప్పుడు మనం ఏం నేర్చుకున్నాం?" అంటారు. పిల్లలు గడుసువాళ్ళు, కథ ఏదైనా "యేసయ్య" అనేస్తే టీచరు మెచ్చుకుంటుందని వాళ్ళకు తెలుసు.

తల్లిదండ్రులతో ఇంకో గొడవ. సాయంత్రం బ్యాగులో కాగితం కనబడకపోతే ఏమీ చెప్పలేదనుకుంటారు. "ఆటలు ఇంట్లో ఆడుకుంటాడు, మీరు ప్రార్థన నేర్పండి" అని ఒకాయన మొహంమీదే అన్నాడు. 1837లో జర్మనీలో చిన్నపిల్లలకు ఆటల బడి పెట్టి, తర్వాత దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టిన ఫ్రోబెల్ పాస్టరుగారి అబ్బాయే! 1954లో రోమ్‌లో సోఫియా కవల్లెట్టి, జానా గోబ్బి మొదలుపెట్టిన బైబిల్ బోధన పద్ధతిలో అయితే యేసు చెప్పిన మంచి కాపరి కథ చెప్పి చెక్క గొర్రెల్ని పిల్లల చేతికే ఇచ్చేస్తారు. భక్తికీ ఆటకీ పడదని ఎవరు కనిపెట్టారో గానీ వాళ్ళకు పిల్లలతో పరిచయం లేదు.

మీరు ఓడ అన్నారు కాబట్టి అదీ చెప్తాను. దాని పొడవు 300 మూరలు. మూరంటే మోచేతి నుంచి వేలికొస దాకా, కాబట్టి పిల్లల చేతులతోనే కొలిపించండి, సుద్దముక్కతో గీతలు పెట్టించండి. గది చాలదు, వరండా చాలదు, పిల్లలకు ఆ ఆశ్చర్యం చాలు. బొమ్మల సెట్లు మాత్రం కొనకండి, అన్నిట్లోనూ జంతువులు రెండేసే ఉంటాయి. ఆదికాండం 7వ అధ్యాయం తీసి చూడండి, పవిత్ర జంతువులు ఏడేసి. అలాంటి సెట్టు నాకింతవరకూ దొరకలేదు, మిగతా గొర్రెల్ని మేమే అట్టతో కత్తిరించుకుంటున్నాం.