ఇంటి నెట్‌వర్క్: రెండో రౌటర్‌తో వచ్చే చిక్కులు

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లె. ముందు పాత మండువా ఇల్లు, కొబ్బరిచెట్ల దొడ్డి దాటాక వెనుక మా అబ్బాయి కట్టుకున్న డాబా ఉన్నాయి. ఫైబర్ కనెక్షన్ ముందు ఇంట్లో ఉంది. మా కోడలు ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్నందున, డాబాలో కూడా వైఫై అందాలని సుమారు 40 మీటర్ల కేబుల్ లాగించి, దాని చివర మా పాత రౌటర్‌ను తగిలించాము. ఫోన్లలో సిగ్నల్ నిండుగా చూపిస్తుంది కాని, ఒక ఫోనులో ఇంటర్నెట్ వస్తే పక్క ఫోనులో రాదు. ఒక్కొక్కప్పుడు ముందు ఇంట్లో కూడా ఆగిపోతుంది. పాత రౌటర్ ఆపేస్తే కాసేపటికి అంతా సర్దుకుంటుంది. మాది 200 ఎంబీపీఎస్ ప్లాన్. డాబాలో ఆ కేబుల్‌ను నేరుగా ల్యాప్‌టాప్‌కు పెట్టి చూసినా వేగం 94 దాటడం లేదు. వాన పడితే అదీ ఉండదు. కొత్త రౌటర్ కొనమని అందరూ చెబుతున్నారు. కొనవలసిందేనా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: ఇప్పుడే కొనవద్దు. మీరు రాసిన లక్షణాలలో వేర్వేరు లోపాలు రెండు కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీయకుండా కొత్త రౌటర్ తెచ్చి అదే కేబుల్ చివర పెడితే, డబ్బు ఖర్చయ్యాక కూడా అవే ఇబ్బందులు కనిపిస్తాయి. ఫోనులో సిగ్నల్ నిండుగా ఉన్నదంటే ఫోనుకూ ఆ రౌటర్‌కూ మధ్య గాలిలో మాట బాగా సాగుతున్నదని మాత్రమే అర్థం. రౌటర్ వెనుక తీగలో ఏమి జరుగుతున్నదో ఆ గుర్తు చెప్పదు.

ఒక ఫోను పనిచేసి పక్క ఫోను పనిచేయకపోవడం, ఆ చెడు ముందు ఇంటిదాకా పాకడం అన్నవి రెండూ ఒకే కారణం వైపు చూపుతున్నాయి. వైఫైకి తగులుకున్న ప్రతి పరికరమూ ముందుగా తనకొక ఐపీ అడ్రసు (నెట్‌వర్క్‌లో తనను గుర్తించే సంఖ్య) కావాలని నెట్‌వర్క్ మొత్తానికి వినబడేలా అడుగుతుంది. ఆ అడ్రసులు పంచే పని డీహెచ్‌సీపీది. మీ ఇంట్లో ఆ పనిని ఫైబర్ రౌటర్ చేస్తున్నది, పాత రౌటర్ కూడా తన పాత అలవాటు కొద్దీ చేస్తున్నది. సాధారణంగా ఫోను ముందుగా వచ్చిన జవాబునే తీసుకుంటుంది. ఫైబర్ రౌటర్ జవాబు ముందుగా అందిన ఫోనులో ఇంటర్నెట్ వస్తుంది. పాత రౌటర్ జవాబు ముందుగా అందితే, ఆ రౌటర్ తననే గేట్‌వేగా, అంటే ఇంటర్నెట్‌కు పోయే ద్వారంగా, చెప్పుకుంటుంది కనుక, ఫోను తన సమాచారమంతా దానికే పంపుతుంది. దాని వ్యాన్ పోర్టు (బయటి ఇంటర్నెట్ తీగ తగిలించే చోటు) ఖాళీగా ఉన్నందున అది నీరు రాని బోదెకు తూము ఎత్తినట్టే అవుతుంది. కేబుల్ ద్వారా రెండు ఇళ్లూ ఒకే నెట్‌వర్క్ కాబట్టి ముందు ఇంట్లోని ఫోను కూడా ఈ తప్పు జవాబు తీసుకోవచ్చు. పాత రౌటర్ ఆపిన వెంటనే కాక కాసేపటికి సర్దుకోవడానికి కారణం, ఫోన్లు తమకు వచ్చిన అడ్రసును మళ్లీ అడిగే దాకా అట్టే పెట్టుకోవడమే.

పైగా చాలా రౌటర్లు తయారై వచ్చేటప్పుడే 192.168.1.1 అనే అడ్రసుతో వస్తాయి. మీ రెండింటికీ అదే ఉంటే ఒకే అడ్రసుకు ఇద్దరు పలుకుతారు, ఫోనులో గేట్‌వే సంఖ్య చూసి ఏది ఏదో తేల్చుకోవడం కూడా కుదరదు.

సవరణకు పాత రౌటర్‌ను ఇంటి కేబుల్ నుంచి విడదీసి, ఒక చిన్న కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు మాత్రమే కలిపి, దాని సెట్టింగుల పేజీ తెరవండి. అందులో యాక్సెస్ పాయింట్ మోడ్ (అడ్రసులు పంచకుండా వైఫై మాత్రమే ఇచ్చే పద్ధతి) అన్నది ఉంటే దాన్ని ఎంచుకుంటే చాలు, మిగిలిన మార్పులు అదే చేసుకుంటుంది. లేకపోతే ముందుగా దాని ల్యాన్ అడ్రసు, అంటే ఇంటి లోపలి నెట్‌వర్క్‌లో దాని సొంత అడ్రసు, మార్చండి. ఫైబర్ రౌటర్ 192.168.1.1 దగ్గర ఉండి, 2 నుంచి 200 వరకు సంఖ్యలు పంచుతున్నట్లయితే, పాతదానికి 192.168.1.250 ఇవ్వవచ్చు; ఆ సంఖ్య పంపిణీలో లేనిదై ఉండాలన్నదే ముఖ్యం. కొత్త అడ్రసుతో మళ్లీ లోపలికి వెళ్లి, డీహెచ్‌సీపీ ఆపివేసి, భద్రపరచండి. ఈ వరుస తప్పవద్దు, ఎందుకంటే డీహెచ్‌సీపీ ముందే ఆపితే ల్యాప్‌టాప్‌కు అడ్రసు ఇచ్చేవారు లేక మీరు ఆ పేజీకి చేరడం కష్టమవుతుంది. ఆ తరువాత దొడ్డిలోంచి వచ్చిన కేబుల్‌ను పాత రౌటర్ ల్యాన్ పోర్టుల్లో ఒకదానికి పెట్టి, వ్యాన్ పోర్టును ఖాళీగా వదిలేయండి. కొత్త అడ్రసును ఒక చీటీ మీద రాసి రౌటర్ అడుగున అంటించండి, రేపు ఎవరు బాగుచేయవలసి వచ్చినా పని తేలికవుతుంది.

ఇక 94 సంగతి. ఈ సంఖ్యే లోపాన్ని పట్టిస్తున్నది. 100 ఎంబీపీఎస్ లింకు మీద స్పీడ్ టెస్టులో కనిపించే గరిష్ఠ వేగం దాదాపు అంతే. ఇళ్లలో వాడే క్యాట్ 5ఈ రకం నెట్‌వర్క్ కేబుల్‌లో నాలుగు జతల తీగలుంటాయి. గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) వేగానికి నాలుగు జతలూ కావాలి, 100 ఎంబీపీఎస్‌కు 1, 2, 3, 6 పిన్నులకు వెళ్లే రెండు జతలు చాలు. అందుకే మిగిలిన రెండు జతల్లో ఒకటి తెగినా, క్రింపింగ్‌లో (కొనకు కనెక్టరు బిగించడంలో) వాటిలో ఒక తీగ సరిగా తగలకపోయినా ఇంటర్నెట్ ఆగదు, వేగం మాత్రం 100కు దిగిపోతుంది. అయితే కేబుల్‌ను తప్పుపట్టే ముందు, ఫైబర్ రౌటర్‌లో అదే పోర్టుకు ఒక చిన్న మంచి కేబుల్‌తో ల్యాప్‌టాప్ కలిపి చూడండి, ఎందుకంటే కొన్ని ఫైబర్ రౌటర్లలో ఒక్క పోర్టే గిగాబిట్‌ది, మిగిలినవి 100వి. అక్కడ 200 వచ్చి డాబాలో 94 దగ్గరే ఆగితే లోపం కేబుల్‌లోనే ఉంది. అప్పుడు రెండు కొనలనూ కోసి, రెండువైపులా ఒకే రంగుల వరుసతో కొత్త కనెక్టర్లు వేయించండి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ.

వాన పడితే ఆగిపోతున్నదంటే దొడ్డిలో ఎక్కడో అతుకు ఉన్నదనో, కేబుల్ పైతొడుగు చిట్లినదనో నేను అనుమానిస్తున్నాను. లోపల గదుల కోసం చేసిన కేబుల్ తొడుగు ఎండకు పెళుసుబారి, నీరు లోపలికి దిగుతుంది. అతుకు వేసి టేపు చుట్టడం మన తేమలో నిలవదు. మీరు ఎటూ ఈ కేబుల్ మార్చవలసిందే అయితే, 40 మీటర్ల దూరానికి నా సలహా రాగి కేబుల్ కాదు, ఇనుప తీగ లేని ఫైబర్ కేబుల్, రెండు చివరలా రెండు మీడియా కన్వర్టర్లు (ఫైబర్‌ను మామూలు నెట్‌వర్క్ కేబుల్‌కు కలిపే పెట్టెలు). రెండు భవనాల మధ్య రాగి తీగ ఉంటే, పిడుగు ఇంటి మీద పడకపోయినా, దగ్గరలో కొబ్బరిచెట్టు మీద పడినప్పుడే దానిలో పుట్టే విద్యుత్తు రెండు వైపులా పరికరాలను కాల్చగలదు. వేసవి చివర సాయంత్రాల్లో ఉరుములు ఎలా ఉంటాయో కోనసీమవారికి నేను చెప్పనక్కరలేదు. గాజుపోగుకు ఆ భయం లేదు. ఖర్చు కొంత ఎక్కువే, కాని కోడలిగారి ఉద్యోగం ఈ తీగ మీదే నడుస్తున్నందున ఆ ఖర్చు సమంజసమే. రాగే వేయదలిస్తే బయటి వాడకానికి చేసిన, అసలు రాగి తీగలున్న, అతుకు లేని ఒకే కేబుల్ వేయించండి. రాగి పూత పూసిన అల్యూమినియం తీగ చవక అని ఒప్పుకోకండి.

ఇవన్నీ కుదిరాక రెండు రౌటర్లకూ ఒకే వైఫై పేరు, ఒకే పాస్‌వర్డు పెట్టి, 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికి 1వ ఛానెల్, రెండోదానికి 11వ ఛానెల్ ఇవ్వండి.

ప్రశ్న: భీమవరం దగ్గర మా రొయ్యల చెరువు గట్టు మీద కెమెరాల కోసం స్తంభానికి యాక్సెస్ పాయింట్ బిగించాము. కేబుల్ ద్వారానే కరెంటు ఇచ్చే అడాప్టరు పాత పరికరానిది ఉంటే అదే పెట్టాము. లైటే వెలగడం లేదు. పరికరం పాడైనదా?

జవాబు: పాడైనదని అప్పుడే అనుకోకండి. కేబుల్ ద్వారా కరెంటు ఇచ్చే పద్ధతులు ఒక్కటి కావు. 802.3ఏఎఫ్ ప్రమాణం ప్రకారం పనిచేసే పరికరాలకు సుమారు 48 వోల్టులు కావాలి. కొన్ని పాత అడాప్టర్లు ఏ ప్రమాణమూ పాటించకుండా 24 వోల్టులు నేరుగా పంపుతాయి. మీ అడాప్టరు మీద రాసిన వోల్టులనూ, యాక్సెస్ పాయింట్ మీద రాసినదాన్నీ పోల్చి చూడండి. తక్కువ వోల్టులకు పరికరం వెలగదు, అంతే. దీనికి తిరగబడ్డ పొరపాటు, అంటే 24 వోల్టుల పరికరానికి 48 నేరుగా పంపడం, దాన్ని కాల్చివేయగలదు, కనుక చేతికందిన అడాప్టర్లు మార్చిమార్చి ప్రయత్నించవద్దు. నెట్‌వర్క్ స్విచ్చు నుంచి స్తంభం వరకు కేబుల్ మొత్తం 100 మీటర్లు దాటకూడదు. ఏరేటర్లు ఆన్ చేసినప్పుడల్లా పరికరం ఆగి మళ్లీ మొదలవుతుంటే, మోటార్లు లాగే కరెంటుకు వోల్టేజి పడిపోతున్నదని గుర్తించి, ఆ అడాప్టరును చిన్న యూపీఎస్ మీద పెట్టండి.

ప్రశ్న: నరసాపురంలో మా ఇంటి మేడ మీద వైఫై రిపీటర్ ఉంది. వేగం పెరుగుతుందని దానికి కింది రౌటర్ నుంచి కేబుల్ కూడా ఇచ్చాము. అప్పటి నుంచి ఇల్లంతా నెట్ స్తంభించిపోతున్నది. కేబుల్ తీస్తే బాగుంటున్నది.

జవాబు: ఆ పెట్టె ఇప్పుడు గాలిలోనూ తీగలోనూ రెండు దారుల్లో ఒకే రౌటర్‌కు కలిసి ఉన్నది. అందరికీ ఉద్దేశించిన సందేశాలు ఒక దారిన వెళ్లి రెండో దారిన తిరిగివచ్చి ఆగకుండా తిరుగుతూ నెట్‌వర్క్‌ను నింపేస్తాయి. కేబుల్ తీసి, రిపీటర్ సెట్టింగుల్లో దాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌కు మార్చి, ఆ తరువాతే కేబుల్ తగిలించండి. ఆ మోడ్ లేని రిపీటర్ అయితే దానికి కేబుల్ ఇవ్వకుండా వాడుకోవలసిందే.