సమాధానం: పొట్టి గుర్రం దూకుడు కర్ర దగ్గర ఆగిపోతోందంటే

అన్నా, దేవరకొండ దగ్గర మీ చెలకలో గుర్రం దూకడానికి కట్టిన జంప్ ఫొటో చూశాను. వెదురు బొంగును రెండు రాతి కడీలకు బైండింగ్ వైరుతో బిగించి కట్టారు. కాలు తగిలి గుర్రం ముందుకు పడిందన్నారు, అప్పటి నుంచి దగ్గరికే రావట్లేదన్నారు. తప్పు గుర్రానిది కాదు, ఆ వైరుది. కాలు తగిలితే కర్ర ఊడి కింద పడాలి, ఇలాంటి కర్ర జంప్‌కు మొదటి నియమం ఇదే.

వైరు కోసేయండి. బోరు దించినప్పుడు మిగిలిన పీవీసీ పైపులుంటే చాలు. స్తంభానికి టీ, ఎల్బో జాయింట్లతో నాలుగు కాళ్ల అడుగు పెట్టి, అందులో ఇసుక నింపి మూతలు వేయండి. కర్ర ఆనడానికి, నిలువునా సగానికి చీల్చిన పైపు ముక్క చాలు. అంచులు గరుకు కాగితంతో రుద్దడం మరవొద్దు. మేకులు, బోల్టులు బయటికి పొడుచుకు రాకూడదు. రాతి కడీలు మాత్రం అక్కడి నుంచి తీసేయండి, చూస్తేనే భయమేసింది!

రంగు విషయం చాలామంది పట్టించుకోరు. గుర్రానికి ఎరుపు మనకు కనిపించినట్టు కనిపించదు. ఎర్ర చెలకలో ఎర్ర పైపు దాని కంటికి ఆనదు. తెలుపు వేసి మధ్యలో నీలం పట్టీలు వేయండి. కర్రకు ముందు, గుర్రం వచ్చే వైపు, నేల మీద ఇంకో పైపు పడుకోబెడితే ఎక్కడ ఎగరాలో దానికి అంచనా దొరుకుతుంది.

వారం పాటు నేల మీది పైపునే పగ్గం పట్టి నడిపిస్తూ దాటించండి. తర్వాత కర్రను ఆరంగుళాల ఎత్తులో పెట్టండి. గుర్రానికి మూడేళ్లు నిండకపోతే అసలు దూకించొద్దు.