పందిరి విప్పిన మర్నాడు

విజయనగరం,
సోమవారం

చిరంజీవి అబ్బాయికి, ఆశీస్సులు.

నీ కథ కట్ట మొన్ననే అందింది. నలభై రెండు పేజీలు. శుక్లాల ఆపరేషనయ్యాక కళ్లజోడింకా కుదరలేదు. అయినా రాత్రి పన్నెండింటిదాకా కూర్చుని చదివాను. ఆఖరి పేజీ అయ్యాక, వెనకాల ఇంకేమైనా రాశావేమోనని కాగితం తిరగేసి చూశాను. తెల్లగా ఉంది. అదిగో, అక్కడ ఒళ్లు మండింది.

బాగానే రాశావు. ఆ సంగతి తరవాత చెబుతాను.

నీ నాయకుడి పేరు మార్చావు గానీ, ఆ చింపిరి పసుపు జుట్టూ, ఐరోపా యూనియన్‌కి వారానికి 35 కోట్ల పౌండ్లు పోతున్నాయని రాసుకున్న ఆ ఎర్ర బస్సూ చూశాక, బ్రిటన్‌ని ఆ యూనియన్‌లోంచి బయటికి లాగిన బోరిస్ జాన్సనని తెలియనిదెవరికి? 2016 జూన్ 23 రాత్రి లెక్కింపు, విడిపోదామన్నవాళ్లకి 51.9 శాతం, కేకలు, కౌగిలింతలు. తెల్లారుతుంటే నాయకుడు కిటికీ తెరిచి సూర్యుణ్ణి చూడటం. శుభం కార్డు. ఆ దేశం వెళ్లి పన్నెండేళ్లయినా మన సినిమా ఆఖరి రీలు నిన్ను వదల్లేదు నాయనా.

1978లో ఒక వారపత్రిక నా మొదటి నవల వేసింది. నా పిల్ల అందరినీ ఎదిరించి పెళ్లి చేసుకుంటుంది, ఆ తరవాత ఆరు అధ్యాయాలు రాశాను. కిరసనాయిలు అప్పు, అత్తగారి దగ్గు, పందిరివాడి బాకీ, అన్నీను. సంపాదకుడు ఆ ఆరూ కోసేశాడు. “పాఠకురాలికి మూడుముళ్లదాకా చాలమ్మా, ఉప్పూ పప్పూ ఎవరిక్కావాలి?” అని కార్డు రాశాడు. ఆయన పోయాడు. పోయినవాళ్లని అనకూడదు గానీ అంటున్నాను. ఆ కాగితాలు ట్రంకు పెట్టెలో ఎలుకలు తిన్నాయి. ఇప్పటివాళ్లకి ఆ కత్తెర కూడా అక్కర్లేదు, వాళ్లే ముందుగా ఆపేసి “ముగింపు పాఠకుడికి వదిలేశాం” అంటారు. పాఠకుడేమన్నా వీళ్ల జీతగాడా?

జూన్ 24 పొద్దున ఎనిమిది దాటాక ఏమైందో నీకు నాకంటే బాగా తెలుసు. కలిసుందామన్న ప్రధాని కామెరాన్ ఇంటి ముందుకొచ్చి పదవి వదిలేస్తున్నానన్నాడు. నీ వీరుడు తన గడప దాటుతుంటే జనం ఛీ కొట్టారు. తరవాత విలేకరుల ముందు ఆయనా, ఆయనతో కలిసి ప్రచారం చేసిన మంత్రి గోవ్ నిలబడ్డ ఫొటో వెతికి చూడు, అవి నెగ్గినవాళ్ల మొహాలా, పరామర్శకొచ్చినవాళ్ల మొహాలా? మర్నాడు ఆల్థోర్ప్ అనే జమీందారీ బంగళాలో క్రికెట్ ఆడుకున్నాడు జాన్సన్! దేశం ఏమవుతుందో ఎవరికీ తెలీదు, ఈయన బ్యాటు పట్టుకున్నాడు. ఇంత అప్పనంగా దొరికిన దృశ్యాన్ని పారేసుకుని సూర్యోదయం రాస్తావా?

మా పెదనాన్న 1970లో సర్పంచిగా నెగ్గారు. వీధివీధికీ కుళాయి వేయిస్తానని చెప్పి. ఊరేగింపైన మర్నాడు తలుపు తీసేసరికి పదిహేనుమంది ఆడవాళ్లు బిందెలతో నిలబడున్నారు, ఎకసెక్కానికో, నిజంగా నమ్మో. పెదనాన్న పెరట్లోకి పోయి, “స్నానం చేస్తున్నారని చెప్పు” అన్నారు పెద్దమ్మతో. రెండు గంటలు చేశారు ఆ స్నానం. పొడి తువ్వాలు భుజానేసుకుని నూతిగట్టు మీద కూర్చున్నారంతే. నాకప్పుడు పదిహేనేళ్లు. చేద తాడు పట్టుకుని ఆయన్నే చూస్తూ నిలబడ్డాను. తరవాత నేను రాసిన మగవాళ్లందరూ ఆ నూతిగట్టు మీంచి లేచొచ్చినవాళ్లే.

అయినా పెదనాన్నకి కుర్చీ అన్నా దక్కింది. రెఫరెండంలో, అంటే ఒక్క ప్రశ్న మీద దేశమంతా వేసే ఓటులో, అదీ లేదు, నెగ్గినవాడికి దక్కేది ఒక్క మాట. ఉండాలా, పోవాలా అని అడిగారు, పొమ్మన్నారు. ఎలా పోవాలో ఆ చీటీలో లేదు. చెప్పాల్సినవాడు రాజీనామా ఇచ్చేశాడు. జూన్ 30న పక్కనున్న గోవే, జాన్సన్ వల్ల కాదు, ప్రధాని పదవికి నేనే నిలబడతానన్నాడు. ఆ మధ్యాహ్నానికే జాన్సన్ పోటీలో లేడు. ఆ గోవైనా బాగుపడ్డాడా? రెండో విడతకే పోయాడు. జూలై 13న కుర్చీ ఎక్కిందెవరు? కలిసుండటానికే ఓటేసిన థెరిసా మే. పెళ్లి వద్దని మొత్తుకున్న మేనత్త చేతిలోనే కాపురం తాళాలు పెట్టారు. విడిపోదామని పాతికేళ్లు ఈ ఒక్క మాటే పట్టుకు తిరిగిన ఇంకో పార్టీ నాయకుడు ఫరాజ్, జూలై 4న ఆ పార్టీ పగ్గాలు వదిలేశాడు. ఆయన నీ కథలో లేనేలేడేం?

తరవాత జాన్సన్ విదేశాంగ మంత్రి, 2018లో రాజీనామా, 2019లో ప్రధాని, ఎనభై సీట్ల మెజారిటీ, 2022లో తన మంత్రులే వరసపెట్టి వెళ్లిపోతే ఖాళీ చేశాడు. ఇదంతా రాయమనను, అది పేపర్లో ఉంది. నాకు కావలసింది ఒక్క కాగితం. ఎటు మొగ్గాలో తేల్చుకోడానికి ఓటుకి ముందు, 2016 ఫిబ్రవరిలో ఆయన రెండు వ్యాసాలు రాసుకున్నాడు. పోదామని ఒకటి, ఉందామని ఒకటి. రెండోది, ఆయన గెలిచిన నాలుగు నెలలకి బయటపడింది. ఛీ కొట్టించుకుని ఇంటికొచ్చిన రోజు రాత్రి ఆ రెండోదాన్ని తీసి చదువుకున్నాడా? అది నాకు తెలీదు, పేపరుకీ తెలీదు. కథకుడికే తెలియాలి.

నువ్వు కథ ఏ పత్రిక్కి పంపాలని అడిగావు. ఇంకా ఏవో అడిగావు, ఆ ఉత్తరం ఎక్కడ పెట్టానో కనపళ్లేదు.

పదిహేడో పేజీ గురించి రాయకుండా ఉండలేను. పలాస నుంచి వచ్చిన ఆ వంటవాడు. ఐరోపావాళ్లకి తలుపు మూస్తే మన దేశాల వంటవాళ్లకి తెరుచుకుంటుందని ప్రీతి పటేల్ అనే మంత్రి లాంటివాళ్లు చెప్పింది నమ్మి, పని అయ్యాక వానలో కరపత్రాలు పంచుతాడు. భారత పౌరుడికి అక్కడ ఓటుంది, కామన్వెల్తు వాడు కాబట్టి. పక్కగదిలో పన్నెండేళ్లుగా ఉన్న పోలండు అమ్మాయికి లేదు. ఆ ఇద్దరూ ఒకే గిన్నెలో టీ కాచుకుంటారని రాశావే, అక్కడ పేజీ పక్కన పెట్టి కాసేపు లేచి తిరిగాను. ఒక కరపత్రం వాడు ఫ్రిజ్ మీద అంటిస్తాడు, బావమరిదికి వీసా వస్తే చూపించాలని. తరవాత పాతిక పేజీల్లో వాడు మళ్లీ రాడు! ఆ పటేలే మూడేళ్లకి హోం మంత్రి అయింది, అప్పుడు వీసాలన్నీ ఆవిడ చేతిలోవే. బావమరిది పలాసలో ఏ జీడిపప్పు బట్టీలో ఉన్నాడో మరి.

కిటికీ, సూర్యుడు కొట్టెయ్. ఆ ఫ్రిజ్ మీది కాగితం ఎన్నాళ్లుంది, ఎవరు పీకారు, వాడా, ఆ పోలండు అమ్మాయి వెళ్లిపోతూ పీకిందా, అది రాసి పంపు. ఈసారి అక్షరాలు పెద్దవి పెట్టు. వచ్చే నెల రెండో కంటికి ఆపరేషను, ఈలోగానే పంపు.

ఇట్లు,
మీ అమ్మమ్మ వయసు మనిషి