మెదడు పరిశోధనకు ఒక్క స్కాన్ ఎందుకు చాలదు?

ప్రశ్న: మెదడు పనితీరును తెలుసుకోవడానికి ఈఈజీ, ఎఫ్ఎంఆర్ఐ వంటి పద్ధతులు విడివిడిగా ఉన్నాయి కదా. మరి రెండు మూడింటిని కలిపి ఎందుకు వాడుతున్నారు? వాటిలో మేలైనదాన్ని ఒక్కదాన్నే వాడితే సరిపోదా? కలపడమంటే రెండు బొమ్మలను ఒకదానిమీద ఒకటి పరచడమేనా? (మనస్తత్వశాస్త్ర విద్యార్థిని)

జవాబు: వీటిలో మేలైనది ఏదని తేల్చడం కష్టం, ఎందుకంటే ఇవి కొలిచే విషయాలే వేరు. నెత్తిమీద అమర్చిన ఎలక్ట్రోడ్ల ద్వారా ఈఈజీ నమోదు చేసేది, వేలాది నాడీకణాలు ఒకేసారి స్పందించినప్పుడు పుట్టే విద్యుత్తును. 1924లో జర్మనీ వైద్యుడు హాన్స్ బెర్గర్ మనిషి మెదడు నుంచి తొలిసారిగా దీన్ని నమోదు చేసి, 1929లో ప్రచురించారు. ఎఫ్ఎంఆర్ఐ విద్యుత్తును కొలవదు. మెదడులో ఒక భాగం చురుకుగా పనిచేసినప్పుడు అక్కడికి అవసరానికి మించి రక్తం చేరుతుంది, దాంతో ఆక్సిజన్ కోల్పోయిన హీమోగ్లోబిన్ పాలు తగ్గుతుంది. అటువంటి హీమోగ్లోబిన్‌కు అయస్కాంత గుణం ఉంటుంది కనుక ఆ తగ్గుదల స్కానర్‌కు అందుతుంది. ఈ సూత్రాన్ని 1990లో సేజీ ఒగావా బృందం వెల్లడించింది.

ఒక ముఖాన్ని చూసినప్పుడు ఏమి జరుగుతుందో గమనిస్తే ఈ తేడా స్పష్టమవుతుంది. ముఖం కనబడిన సుమారు 170 మిల్లీసెకన్లకు తల వెనుక భాగపు ఎలక్ట్రోడ్లలో ఒక ప్రత్యేకమైన తరంగం కనిపిస్తుంది. అదే ప్రయోగాన్ని స్కానర్‌లో చేస్తే మెదడు అడుగు భాగంలో, ఫ్యూజిఫార్మ్ అనే మడతలో సంకేతం పెరుగుతుంది, కాని అది పతాక స్థాయికి చేరేసరికి 5 సెకన్లు గడిచిపోతాయి. ఆలోగా మెదడు ఆ ముఖాన్ని గుర్తుపట్టి, మరో పనిలో పడి ఉంటుంది. ఎఫ్ఎంఆర్ఐకి చోటు కొద్ది మిల్లీమీటర్ల తేడాతో తెలుస్తుంది, సమయం తెలియదు. ఈఈజీకి సమయం తెలుస్తుంది, చోటు సరిగా తెలియదు. పుర్రె విద్యుత్ సంకేతాన్ని చెదరగొట్టడం ఇందుకు ఒక కారణం మాత్రమే. నెత్తిమీద కనబడే ఒకే విద్యుత్ రూపాన్ని లోపలి ఎన్నో రకాల అమరికలు పుట్టించగలవు, కనుక బయటి కొలతలతోనే లోపలి మూలాన్ని తేల్చడం సూత్రరీత్యా అసాధ్యమని 1853లోనే జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ చూపారు.

అందుకే ఎఫ్ఎంఆర్ఐ చూపిన చోట్లను ఆధారంగా చేసుకొని ఈఈజీ మూలాలను వెతుకుతారు. ఇక్కడ నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను: ఇలా వెతికేటప్పుడు ఎఫ్ఎంఆర్ఐని తీర్పుగా కాక సూచనగా మాత్రమే తీసుకోవాలి. క్షణకాలం పాటు కొన్ని కణాలు లయ కలిపి స్పందిస్తే ఈఈజీలో పెద్ద తరంగం కనిపించవచ్చు, రక్తప్రసరణలో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు ఉండకపోవచ్చు. పక్కపక్కనే ఎదురెదురు దిశల్లో ప్రవహించే విద్యుత్తులు ఒకదాన్నొకటి రద్దు చేసుకున్నప్పుడు ఇందుకు విరుద్ధంగానూ జరగవచ్చు. బొమ్మలను ఒకదానిమీద ఒకటి పరిస్తే ఈ భేదాలన్నీ కప్పబడిపోతాయి.

రెండు పద్ధతులనూ ఒకే సమయంలో వాడాలా, వేర్వేరు రోజుల్లో వాడాలా అన్నది తర్వాతి ప్రశ్న. ముఖాలు చూపించే ప్రయోగాన్ని ఎన్నిసార్లయినా చేయవచ్చు కనుక విడివిడిగా చేసినా నష్టం లేదు, పైగా కొలతలు శుభ్రంగా వస్తాయి. నిద్ర, మూర్ఛకు సంబంధించిన విద్యుత్ మెరుపులు, దానంతటదే పెరిగి తగ్గే ఆల్ఫా లయ వంటివి మళ్లీ అదే విధంగా రావు కనుక వాటిని ఏకకాలంలోనే పట్టుకోవాలి. అది శ్రమతో కూడిన పని. స్కానర్‌లోని అయస్కాంత క్షేత్రం వేగంగా మారుతున్నప్పుడు ఎలక్ట్రోడ్ తీగలలో పుట్టే విద్యుత్తు మెదడు సంకేతం కన్నా వందల రెట్లు పెద్దది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ తల అణుమాత్రం కదిలినా ఆ కదలిక ఈఈజీలో నమోదవుతుంది. తీగలు చుట్ట చుట్టుకుంటే వేడెక్కి చర్మం కాలే ప్రమాదం ఉంది కనుక వాటిని తిన్నగా బయటికి నడిపిస్తారు. స్కానర్ వల్ల తీగలలో పుట్టే ఈ అనవసర విద్యుత్తు ప్రతి ఆవృత్తిలోనూ దాదాపు ఒకే రూపంలో వస్తుంది కాబట్టి దాని సగటును లెక్కగట్టి తీసివేయడం ద్వారా అసలు సంకేతాన్ని తిరిగి రాబట్టుకుంటారు.

ఈ కష్టానికి ఫలితం ఉంది. స్కానర్‌లో ఒక వ్యక్తి కళ్లు మూసుకొని పడుకొని ఉన్నప్పుడు సెకనుకు 8 నుంచి 13 సార్లు కొట్టుకునే ఆల్ఫా తరంగాలు బలపడతాయి. అవి బలపడినప్పుడల్లా దృష్టికి సంబంధించిన వెనుక భాగంలో రక్త సంకేతం తగ్గుతుందనీ, లోతున ఉండి ఇంద్రియ సంకేతాలను పైభాగాలకు చేరవేసే థాలమస్‌లో పెరుగుతుందనీ ఈ సంయుక్త ప్రయోగాలు చూపాయి. ఏ ఒక్క పద్ధతీ తనంతట తాను ఈ సంగతి చెప్పగలిగేది కాదు.

ఈ రెండు సంకేతాలకూ నిజంగా బంధుత్వం ఉందా అన్న సందేహానికి 2001లో ఒక ముఖ్యమైన సమాధానం దొరికింది. నికోస్ లోగోథెటిస్ బృందం కోతుల మెదడులో ఎలక్ట్రోడ్లు ఉంచి, అదే సమయంలో ఎఫ్ఎంఆర్ఐ తీసింది. కణాలు బయటికి పంపే సంకేతాల కన్నా ఆ చోటికి వచ్చి చేరే సంకేతాలతోనూ, అక్కడి స్థానిక ప్రక్రియలతోనూ రక్త సంకేతం ఎక్కువగా సరిపోయింది. ఈఈజీ కూడా ప్రధానంగా అటువంటి ప్రవాహాల నుంచే పుడుతుంది కనుక ఈ రెంటినీ కలపడానికి పునాది ఉన్నట్టే.

మెదడు అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే ఎంఈజీని ఎంఆర్ఐ యంత్రంలో వాడడం కుదరదు, ఎందుకంటే అది వెతికే క్షేత్రం భూమి క్షేత్రంలో కోట్ల వంతులలో ఒక వంతు. ఈఈజీతో మాత్రం అది చక్కగా కలుస్తుంది.

ప్రశ్న: మా బంధువుల అబ్బాయికి మూర్ఛ ఉంది. ఎంఆర్ఐలో ఏమీ లేదన్నారు, ఈఈజీలో మాత్రం లోపం కనిపించింది. దేన్ని నమ్మాలి? (ఒక పాఠకుడు)

జవాబు: రెండింటినీ నమ్మవచ్చు. మామూలు ఎంఆర్ఐ చూపేది మెదడు నిర్మాణాన్ని, అంటే మచ్చ, గడ్డ, పుట్టుకతో వచ్చిన వంకర వంటివాటిని. నిర్మాణంలో కంటికి కనబడే లోపం ఏదీ లేకుండానే విద్యుత్ లయ తప్పవచ్చు. అలాగే మూర్ఛ ఉన్నవారికి సైతం పరీక్ష జరిగిన కొద్దిసేపట్లో ఈఈజీ మామూలుగా ఉండవచ్చు. మందులకు లొంగని మూర్ఛకు శస్త్రచికిత్స ఆలోచించే సందర్భంలో పెట్ స్కాన్, ఎంఈజీ వంటివి కూడా జతచేస్తారు. మూర్ఛలకు మధ్య విరామంలో లోపమున్న చోట గ్లూకోజు వినియోగం తరచు తగ్గి ఉంటుంది, పెట్ దాన్ని చూపుతుంది. ఇవన్నీ ఒకే చోటును చూపకపోతే, అవసరాన్ని బట్టి మెదడు లోపలే ఎలక్ట్రోడ్లు ఉంచి పరీక్షిస్తారు. ఆ అబ్బాయికి ఏది అవసరమో అతని న్యూరాలజిస్టే నిర్ణయించాలి.

ప్రశ్న: స్కాన్‌లో ఒక భాగం వెలిగితే ఆ పని చేస్తున్నది అదేనని అర్థమా? (ఒక ఉపాధ్యాయురాలు)

జవాబు: కాదు. ఆ పని జరుగుతున్నప్పుడు ఆ భాగం చురుకుగా ఉందని మాత్రమే అర్థం, అది లేకపోతే పని ఆగుతుందో లేదో స్కాన్ చెప్పలేదు. అందుకు బయటి నుంచి మెదడును స్వల్పంగా ప్రేరేపించి చూడాలి. 1985లో షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ బృందం రూపొందించిన టీఎంఎస్ అనే పద్ధతిలో, నెత్తిపై ఉంచిన తీగచుట్ట ద్వారా క్షణకాలపు అయస్కాంత తాకిడి ఇస్తారు. దీన్ని ఈఈజీతో కలిపినప్పుడు, మెలకువలో ఆ తాకిడికి పుట్టిన స్పందన మెదడులోని దూరభాగాలకూ వ్యాపిస్తుందనీ, కలలులేని గాఢనిద్రలో మాత్రం తాకిన చోటనే ఆగిపోతుందనీ 2005లో తేలింది. కళ్లు తెరిచి ఉన్నా పలకని రోగులలో స్పృహ మిగిలి ఉందో లేదో అంచనా వేయడానికి పరిశోధకులు ఇప్పుడు ఇదే కొలతను వాడుతున్నారు.