మొక్క కణాన్ని త్రీడీలో చూసే చదువు: బీఎస్సీ బోటనీ అమ్మాయికి దారి ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి కర్నూలులో బీఎస్సీ బోటనీ రెండో సంవత్సరం పూర్తి చేసింది. మొక్క కణాలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో త్రీడీలో చూపించిన సెమినార్ ఒకటి విన్నప్పటి నుంచి అదే చేస్తానంటోంది. బంధువులేమో బీఈడీ చేయించి డీఎస్సీకి కూర్చోబెట్టమంటున్నారు. ఈ రంగంలో బతుకుతెరువు ఉంటుందా? - ఒక తండ్రి

జవాబు: ఉంటుందండీ. కాకపోతే ఎంఎస్సీ, పీహెచ్‌డీ కలిపి ఏడెనిమిదేళ్ల దారి. పోస్టులు తక్కువ, ఈ పని చేతితో చేయగలిగినవాళ్లు ఇంకా తక్కువ. కాబట్టి ఉద్యోగాల లెక్క కన్నా ముందు ఆ పని మీ అమ్మాయికి పడుతుందో లేదో చూసుకోవాలి.

అసలు పని ఏమిటో చెబుతాను. మామూలుగా ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద సుమారు 70 నానోమీటర్ల మందమున్న ఒక్క పొరనే చూస్తాం. అందులో విడివిడిగా కనిపించే రెండు మైటోకాండ్రియాలు పైనో కిందో కలిసి ఒకటే అయి ఉండొచ్చు. ఒక్క పొర చూసి ఆ సంగతి చెప్పలేం. అందుకే రెసిన్‌లో (జిగురులా పోస్తే గట్టిపడే పదార్థం) బిగించిన వేరు కొసను మైక్రోస్కోప్ లోపలే వజ్రపు కత్తితో పొర తర్వాత పొర గీకుతూ, గీకిన ప్రతిసారీ మిగిలిన ముఖాన్ని ఫొటో తీస్తారు. ఆ వందల ఫొటోలను కంప్యూటర్‌లో పేర్చితే కణం మొత్తంగా కనిపిస్తుంది. 2004లో డెంక్, హోర్స్ట్‌మన్ ఈ పద్ధతిని ప్రచురించింది మెదడు కణజాలం కోసం. మొక్కలవాళ్లు తర్వాత అందుకున్నారు. చక్కెరను మోసే చాలనీ నాళాల కణాలకు కేంద్రకం ఉండదని మీ అమ్మాయి ఇంటర్లోనే చదివి ఉంటుంది. ఆ కేంద్రకం ఎలా పోతుందో, దాని లోపలి పదార్థమంతా ఎలా బయటికొచ్చి కరిగిపోతుందో అరాబిడాప్సిస్ (ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే చిన్న మొక్క) వేళ్లలో ఇలాంటి త్రీడీ చిత్రాలతోనే 2014లో హెలారియుట్టా అనే శాస్త్రవేత్త బృందం చూపించింది.

బోటనీ చదివినవాళ్లకు ఇక్కడ ఒక అనుకూలత ఉంది. జంతు కణజాలానికి చక్కగా పనిచేసే పద్ధతి ఆకు దగ్గర తడబడుతుంది. గట్టి కణకవచం దాటి రసాయనాలు, రెసిన్ లోపలికి వెళ్లడానికి రోజులు పడుతుంది. పెద్ద రిక్తిక (కణంలో ద్రవంతో నిండిన సంచి, వాక్యూల్) ఉన్నచోట ఉత్త రెసినే మిగిలి, ఎలక్ట్రాన్ల ఆవేశం పేరుకుని ఫొటో చెదిరిపోతుంది. కొన్ని నమూనాలను మామూలు గాలి పీడనానికి 2,000 రెట్లకు పైగా పీడనంలో మిల్లీసెకన్లలో గడ్డకట్టించాల్సి వస్తుంది. మొక్కను ఎరిగిన మనిషి లేకపోతే కోట్ల రూపాయల మెషీన్ ఉన్నా మంచి ఫొటో రాదు. నా ఉద్దేశంలో ఈ రంగంలో అసలు విలువ నమూనా తయారీ నేర్చిన చేతిదే.

ఇక ఈ పని ఆమెకు పడుతుందో లేదో తేల్చే పరీక్ష. ఎంపయర్ (EMPIAR) అనే ఆన్‌లైన్ ఆర్కైవ్‌లో ఇలాంటి చిత్రాలను ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. ఫైళ్లు చాలా పెద్దవి, అందుకే చిన్నది చూసి ఎంచుకోమనండి. ఫిజీ, ఐమోడ్ అనే సాఫ్ట్‌వేర్లూ ఉచితమే. ఒక్క మైటోకాండ్రియానో, క్లోరోప్లాస్టునో తీసుకుని పొర పొరకీ దాని అంచు గీయమనండి. దీన్నే సెగ్మెంటేషన్ అంటారు. ఇలాస్టిక్ లాంటి ప్రోగ్రాములు చాలావరకు గీసిపెడతాయి గానీ, తప్పులు దిద్దాల్సింది మనిషే. మూడు వారాల తర్వాత కూడా ఇష్టంగా ల్యాప్‌టాప్ తెరుస్తోందంటే ధైర్యంగా పంపండి. విసుగొస్తే అదీ మంచిదే, ఏళ్లు వృథా కాకముందే తెలిసిపోతుంది. దాంతోపాటు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కాస్త నేర్చుకోవాలి.

చదువు సంగతికొస్తే, సీయూఈటీ పీజీ (కేంద్ర విశ్వవిద్యాలయాల పీజీ ప్రవేశ పరీక్ష) రాసి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో మొక్కల జీవశాస్త్రంలో ఎంఎస్సీకి ప్రయత్నించాలి. బయోటెక్నాలజీ పేపర్‌తో జామ్ (ఐఐటీల వంటి సంస్థల్లో ఎంఎస్సీకి ప్రవేశ పరీక్ష) కూడా రాయొచ్చు. తర్వాత సీఎస్ఐఆర్-యూజీసీ నెట్‌లో జేఆర్ఎఫ్ (పరిశోధక విద్యార్థికి నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆపైన 42,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. పీహెచ్‌డీ భారం మీ మీద పడదు. గైడ్‌ను ఎంచుకునేటప్పుడు మాత్రం ఒక ప్రశ్న తప్పకుండా అడగాలి: ‘శాంపిల్ విద్యార్థులే తయారుచేస్తారా, బయటికి పంపుతారా?’ బయటికి పంపే ల్యాబ్ అయితే ఆమెకు చేతిపని రాదు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ లాంటి పరిశోధన సంస్థల్లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ విభాగాలున్నాయి. ఎంఎస్సీ ప్రాజెక్టు అలాంటి చోట దొరికితే ఎంతో మేలు.

చివరికి ఉద్యోగమంటే అధ్యాపక, పరిశోధక పోస్టులొక్కటే కాదు. ఇలాంటి విభాగాల్లో టెక్నికల్ ఆఫీసర్లు కావాలి. జైస్, జియోల్, థర్మో ఫిషర్ లాంటి మైక్రోస్కోప్ కంపెనీలకూ మెషీన్ వాడకం నేర్పేవాళ్లు అవసరం. అక్కడ ఇంగ్లిష్‌లో ధారాళంగా మాట్లాడగలగాలి.

ఒక్క జాగ్రత్త. నమూనా తయారీలో వాడే ఆస్మియం టెట్రాక్సైడ్ అనే రసాయనం ఆవిరి కళ్లకు ప్రమాదం. ఫ్యూమ్ హుడ్ (ఆవిర్లను బయటికి లాగే గూడు), గ్లోవ్స్ లేకుండా దాని జోలికి వెళ్లకూడదని ఆమెకు ఇప్పుడే చెప్పండి.

బంధువుల మాటా తీసిపారేయదగ్గది కాదు. కాకపోతే బీఈడీ ఎంఎస్సీ తర్వాత కూడా చేయొచ్చు. బీఈడీ, ఎంఎస్సీ రెండింటి ప్రవేశ పరీక్షలకూ ఒకేసారి కూర్చోబెట్టి టెన్షన్ పెట్టకండి. జామ్ దరఖాస్తులు మామూలుగా సెప్టెంబరులో మొదలవుతాయి, సీయూఈటీ పీజీవి డిసెంబరు, జనవరి ప్రాంతంలో. ఈ సెలవుల్లో ఆ మూడు వారాల పని మొదలుపెట్టిస్తే అప్పటికల్లా మీకూ ఒక స్పష్టత వస్తుంది.