కరెంట్ ఖాతాకు రుసుములు న్యాయమేనా? పర్లాకిమిడి నుంచి ఒక జీడిపిక్కల వ్యాపారి అనుభవం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. గుణుపురంలో కొత్తగా కొట్టు పెట్టారు. బ్యాంకువాళ్లు వ్యాపారులకు ఉండే కరెంట్ ఖాతా తెరవమన్నారు. తీరా చూస్తే కనీస నిల్వ లేకపోతే కోత, పరిమితి దాటి నగదు వేస్తే కోత, చెక్కు పుస్తకానికి కోత. రోజూ వాడుకునే ఖాతాకు బ్యాంకు ఇలా డబ్బు తీసుకోవడం న్యాయమేనా, పోనీ అందరి దగ్గరా నెలకు ఇంత అని ఒకే రుసుము తీసుకుంటే మేలు కదా అని అడిగారు.

నా మాట ముందే చెబుతాను. చేసిన పనికి కూలి తీసుకోవడంలో తప్పు లేదు. ఖాతాలో డబ్బు తక్కువగా ఉందని, ఉన్న ఆ కాస్తలోంచి తీసుకోవడం మాత్రం తప్పు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి సర్వీసు చార్జీలు అని పేరు పెట్టేశారు. ఏది కూలో ఏది జరిమానాయో మనమూ విడదీసి అడగడం మానేశాం.

మాది ఒడిశాలో ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడి. నాన్నగారి రోజుల నుంచి జీడిపిక్కల వ్యాపారం. సెరంగో, రామగిరి వైపు కొండ ఊళ్ల నుంచి సవర రైతులు తెచ్చే పిక్కలు కొని, ఆరబెట్టి, 80 కిలోల బస్తాలు కట్టి పలాస పరిశ్రమలకు పంపుతాం. ఊపంతా మార్చి చివరి నుంచి జూన్ మొదటి వారం వరకే. ఆ రెండున్నర నెలల్లో నా ఖాతాలో లక్షలు తిరుగుతాయి. పలాస నుంచి డబ్బు పడుతుంది, మర్నాడే తీసి సంతలో పంచుతాను. తరువాత తొమ్మిది నెలలు అద్దె, గుమాస్తా జీతం, పిల్లల చదువు. ఖాతా ఎండాకాలపు బావిలా అడుగంటుతుంది. ఈ వ్యాపారం చేసేవాళ్లందరిదీ ఇదే వరస.

ఇప్పుడు నాకు జరిగింది చెబుతాను. బ్యాంకు పేరు చెప్పను. నా కరెంట్ ఖాతాకు మూడు నెలల సగటు నిల్వ 10,000 రూపాయలు ఉండాలి. లేకపోతే 600 రూపాయలు, దానిమీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 708. వెయ్యి తగ్గినా ఇంతే, తొమ్మిది వేలు తగ్గినా ఇంతే.

ఒక జనవరిలో, సీజనుకు ముందు ఎప్పటిలాగే గోనె సంచులు కొన్నాను. పక్కనే ఉన్న పాతపట్నంలో సంచులు అమ్మే పెద్దాయనతో మాకు పన్నెండేళ్ల బేరం. ఖాతాలో 18,650 ఉందని చూసుకుని ఆయనకు 18,400కు చెక్కు రాశాను. ఆయన చెక్కు వేయడానికి ముందు రోజు బ్యాంకు అక్టోబరు–డిసెంబరు సగటు లెక్కగట్టి 708 కోసింది. మిగిలింది 17,942. చెక్కు 458 రూపాయలు తక్కువై వెనక్కి వచ్చింది. చెక్కు తిరిగినందుకు నాకు మరో 500, జీఎస్టీతో 590. ఆయన బ్యాంకు ఆయన దగ్గర కూడా ఎంతో కోసింది.

సాయంత్రం ఫోను చేశారు. "ఏం నాయనా, ఇన్నేళ్లలో ఎప్పుడూ లేదు, చెక్కు వెనక్కి వచ్చిందేమిటి? ఇబ్బందుల్లో ఉన్నావా?" అన్నారు. కోపంగా అని ఉంటే అంత బాధ ఉండేది కాదు. ఆయన జాలిగా అడిగారు. మా ఊళ్లలో వ్యాపారి చెక్కు తిరిగిందంటే ఆ మాట సంత దాకా పాకుతుంది. సీజనులో అరువు పుట్టదు. పొద్దున్నే నగదు పట్టుకుని పాతపట్నం వెళ్లి ఇచ్చి వచ్చాను. ఆయన బ్యాంకు కోత కూడా ఇస్తానంటే తీసుకోలేదు.

కోత గురించి ఫోనుకు సందేశం వచ్చింది, నిజమే. కోత పడిన తరువాత వచ్చింది. స్టేట్‌మెంటులో ఆ వరుస చూస్తే మూడు ఇంగ్లీషు అక్షరాలు, ఒక తేదీ, 708. ఎందుకో తెలియాలంటే ఆ అక్షరాల అర్థం ఎవరినో అడగాలి. శాఖకు వెళ్లి మేనేజరుగారిని అడిగితే, "మేమెవరమూ కోయలేదండీ, కంప్యూటరే కోసింది" అన్నారు. ఆయన మర్యాదస్తుడే, ఆయన చేతిలోనూ ఏమీ లేదు. కానీ ఆ కంప్యూటరుకు లెక్క నేర్పింది మనుషులే కదా. అందుకే ఆ లెక్క నేనూ వేసి చూశాను.

ఆ ఏడాది నా మూడు నెలల సగటులు సుమారుగా ఇవి: ఏప్రిల్–జూన్ 60,000, జూలై–సెప్టెంబరు 9,000, అక్టోబరు–డిసెంబరు 4,000, జనవరి–మార్చి 3,000. ఏడాది మొత్తానికి సగటు తీస్తే 19,000. అంటే బ్యాంకు అడిగినదానికి దాదాపు రెట్టింపు నిల్వ నేను ఉంచాను. అయినా మూడుసార్లు కోత పడింది, మొత్తం 2,124. కరెంట్ ఖాతాలో డబ్బుకు వడ్డీ ఇవ్వరు. నా 19,000 ఏడాదంతా వడ్డీ లేకుండా వాళ్ల దగ్గర ఉన్నట్టే లెక్క. దాన్ని తొమ్మిది శాతానికి అప్పిచ్చినా 1,710 రూపాయలు వస్తాయి. అందులో కొంత రిజర్వ్ బ్యాంకు దగ్గర ఉంచాలి, శాఖ ఖర్చులు ఉంటాయి, కాదనను. అయినా నా డబ్బు వాడుకుని, పైగా 2,124 నా దగ్గరే తీసుకున్నారు. ఏడాదంతా లక్ష రూపాయలు కదపకుండా ఉంచే పెద్ద వ్యాపారికి ఈ కోత ఒక్కసారీ లేదు. ఇక్కడ ఎవరు ఎవరి ఖర్చు మోస్తున్నారో ఆలోచించండి.

సేవింగ్స్ ఖాతాలోనే పని నడుపుకోవచ్చు కదా అంటారేమో. కుదరదు. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం వ్యాపార సంస్థ పేరుమీద, అది ఒక్క మనిషి నడిపే కొట్టయినా సరే, సేవింగ్స్ ఖాతా తెరవకూడదు. మనం కరెంట్ ఖాతాలోకి వెళ్లక తప్పదు. అక్కడికి వెళ్లాక మనకు రక్షణ తగ్గిపోతుంది, ఈ విషయం చాలామందికి తెలియదు. 2014 నవంబరులో రిజర్వ్ బ్యాంకు ఒక ఉత్తర్వు ఇచ్చింది, 2015 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. కనీస నిల్వ తగ్గితే ముందుగా ఖాతాదారుకు తెలియజేయాలి, సరిచేసుకోవడానికి నెల గడువు ఇవ్వాలి, ఎంత తగ్గిందో ఆ నిష్పత్తిలోనే రుసుము ఉండాలి, ఆ రుసుము వల్ల నిల్వ సున్నా కన్నా కిందికి పోకూడదు. ఎంత చక్కని నియమాలు! అన్నీ సేవింగ్స్ ఖాతాలకే. వెయ్యి తగ్గినా తొమ్మిది వేలు తగ్గినా నాకు ఒకే 708 పడిందంటే కారణం అదే.

మా ఇంట్లోనే తేడా కనిపిస్తుంది. మా ఆవిడది జన్‌ధన్ ఖాతా. ఒడిశా ప్రభుత్వం సుభద్ర పథకం కింద వేసే 5,000 అందులోనే పడతాయి. ఒక్కోసారి నిల్వ నలభై రూపాయలకు దిగుతుంది. పైసా కోత ఉండదు, ఉండకూడదు కూడా. అదే ఇంట్లో, అదే సంపాదన మీద బతికే నాకు వ్యాపారి అన్న ముద్ర ఉంది కాబట్టి కోత. సంతలో గంప పెట్టుకునే వ్యాపారికీ, పలాసలో యంత్రాలు నడిపే యజమానికీ కాగితం మీద ఒకటే పేరు.

బ్యాంకుల మాట కూడా వినాలి. సీజనులో నేను వారానికి రెండుసార్లు నగదు తీస్తాను. కొండ నుంచి వచ్చేవాళ్లకు అయిదు వందల నోటు ఇస్తే చిల్లర కోసం సంతంతా తిరగాలి, పైగా వెనక ఊళ్లలో సిగ్నల్ ఉండదు కాబట్టి ఫోనులో పంపడమూ కుదరదు. అందుకని నాకు పది, యాభై, వంద నోట్లు కావాలి. క్యాషియరు నాకోసం చిన్న నోట్ల కట్టలు పక్కన తీసి ఉంచుతారు. వేడికి ఫ్యాను కింద నోట్లు ఎగురుతుంటే రబ్బరు బ్యాండ్లు వేసి, వేళ్లు స్పాంజికి అద్దుకుంటూ లెక్కపెడతారు. అరగంట పని. ఆ పనికి ఇంత అని ముందే గోడమీద రాసి పెడితే ఇస్తాను, సంతోషంగా ఇస్తాను. చెక్కు పుస్తకానికీ ఇస్తాను. అవి నేను అడిగి చేయించుకున్న పనులు. 708కి నేను ఏం పని చేయించుకున్నానో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

ఇక మీరన్న నెలవారీ రుసుము. చిన్న కొట్టుకు నెలకు యాభై రూపాయలు అని ముందే చెప్పి, మరే కోతా ఉండదని రాసిస్తే నేను ఒప్పుకుంటాను. ఏడాదికి 600, లెక్క తెలుసు, చెక్కు రాసేటప్పుడు భయం ఉండదు. కూలి డబ్బు, పింఛను పడే ఖాతాలకు మాత్రం అది కూడా వద్దు. ఖాతా తెరవమని ప్రభుత్వమే చెప్పి, పింఛను అందులోనే వేసి, ఆ తలుపు దాటడానికి సుంకం అడగడం ధర్మం కాదు.

రుసుములు లేకపోతే బ్యాంకులు ఎలా బతుకుతాయని కొందరు అడుగుతారు. స్టేట్ బ్యాంకు 2017 ఏప్రిల్‌లో సేవింగ్స్ ఖాతాలకు ఈ జరిమానా మళ్లీ తెచ్చి, 2020 మార్చిలో ఎత్తేసింది. ఎత్తేశాక మునిగిపోలేదు. 2024–25లో దాని నికర లాభం 70,901 కోట్లు. 2025లో కెనరా, పంజాబ్ నేషనల్, ఇండియన్ బ్యాంకులు కూడా సేవింగ్స్‌కు ఎత్తేశాయి. అంతకు ముందు 2019–20 నుంచి 2023–24 వరకు అయిదేళ్లలో ప్రభుత్వ రంగ బ్యాంకులు కనీస నిల్వ లేదని దాదాపు 8,500 కోట్లు వసూలు చేశాయని 2024లో కేంద్రమే పార్లమెంటుకు చెప్పింది. నిల్వ ఉంచగలిగినవాళ్లు ఆ డబ్బు కట్టలేదు, ఉంచలేనివాళ్లే కట్టారు. సేవింగ్స్‌కు వచ్చిన ఆ బుద్ధి చిన్న కరెంట్ ఖాతాలకూ రావాలి. కనీసం సీజను వ్యాపారులకు సగటును ఏడాదికి ఒకసారి లెక్కగట్టాలి. జీడి, పసుపు, అల్లం, చింతపండు, మా జిల్లాలో ఏది చూసినా సీజను సరుకే.

మీరు ఖాతా తెరిచే ముందు చేయవలసినవి నా అనుభవం మీద చెబుతున్నాను. చార్జీల పట్టిక కాగితం మీద అడగండి. సగటు నెలకా, మూడు నెలలకా అని తప్పకుండా తెలుసుకోండి, దానిలోనే అంతా ఉంది. మూడు నెలల సగటైతే 10,000 రోజూ ఉండనక్కరలేదు. 90 రోజుల్లో 18 రోజులు 50,000 ఉంచి, మిగతా రోజులు ఖాళీగా ఉన్నా లెక్క సరిపోతుంది. ఈ సంగతి నాకు ముందే తెలిసి ఉంటే పాత బాకీలు వసూలైన డబ్బు ఇంట్లో బీరువాలో పెట్టకుండా అక్కడే ఉంచేవాణ్ని. నెలకు ఎంత నగదు ఉచితంగా వేయవచ్చో, పక్క శాఖలో వేస్తే ఏమిటో కూడా అడగండి. ఖాతాకు ఇచ్చిన ఫోను నంబరు మార్చవద్దు. ముందు చెప్పకుండా కోస్తే శాఖలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు ఫిర్యాదుల విచారణాధికారి అయిన అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు, ఖర్చేమీ లేదు. నేను అంతదాకా పోలేదు. శాఖలో ఇచ్చిన ఉత్తరానికే మూడు కోతల్లో ఒకటి, చెక్కు తిరిగిన 590 వెనక్కి వేశారు. ఆ ఉత్తరం తెలుగులో రాసుకుని, మా అమ్మాయి చేత ఒడియాలో రాయించాను. నోటితో అడిగినప్పుడు రాని జవాబు కాగితానికి తొమ్మిదో రోజున వచ్చింది.

ఈ జనవరిలో సంచులకు మళ్లీ పాతపట్నం వెళ్లాను. చెక్కు పుస్తకం జేబులోనే ఉంది. పెద్దాయన కొడుకు బల్లమీద ఉన్న క్యూఆర్ కోడ్ నావైపు తిప్పాడు. డబ్బు పడ్డ చప్పుడు విన్నాక పెద్దాయన కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి, "టీ తాగి వెళ్లు నాయనా" అన్నారు.