గ్యాస్ గీజరు టిక్కుటిక్కుమంటుంది, మంట మాత్రం రాదు: మా హన్మకొండ ఇంటి అనుభవం

మీ గ్యాస్ గీజరు నాలుగైదు రోజులుగా తెల్లవారుజామున వెలగడం లేదని, నల్లా తిప్పగానే టిక్కుటిక్కుమని శబ్దం వస్తున్నా మంట అంటుకోవడం లేదని, మధ్యాహ్నం పూట మాత్రం ఒక్కోసారి మామూలుగానే వెలుగుతున్నదని, చూసిన మెకానిక్కు లోపల నిప్పురవ్వ పుట్టించే బోర్డు పోయింది కాబట్టి కొత్తది కొనుక్కోమన్నాడని రాశారు. బోర్డు పూర్తిగా పోతే సాధారణంగా ఆ శబ్దమే రాదు, పైగా పోయిన బోర్డు ఎండ ఎక్కేసరికి తనంతట తానే బాగుపడదు. అందువల్ల డబ్బు ఖర్చు పెట్టే ముందు రెండు రోజులు ఆగమనే నేను చెబుతాను. రెండేళ్ల కిందట ఇదే మాట నాకూ ఒక మెకానిక్కు చెప్పాడు, ఆ కథ కూడా కింద రాస్తాను.

ముందు ఒక జాగ్రత్త. గీజరు వెలగనప్పుడు నల్లాను పదేపదే కట్టి విప్పుతూ ప్రయత్నించకండి. ప్రతిసారీ కొంత గ్యాసు మండకుండానే బయటికి వస్తుంది, చివరికి ఒక్కసారిగా అంటుకుంటే భగ్గుమని ముందుకు మంట కొడుతుంది. రెండుసార్లకు వెలగకపోతే నల్లా కట్టేసి కనీసం ఐదు నిమిషాలు ఆగాలి. వంటగ్యాసు గాలి కంటే బరువైనది కాబట్టి నేల మీద పేరుకుంటుంది. వాసన గట్టిగా వస్తుంటే రెగ్యులేటరు ఆపి, తలుపులు కిటికీలు తెరిచి, లైటు స్విచ్చు వేయడం గాని తీయడం గాని చేయకుండా బయటికి వచ్చి గ్యాసు లీకేజీల అత్యవసర నంబరు 1906కు ఫోను చేయాలి. వాసన ఉన్నంతసేపు కింద రాసిన పరీక్షలేవీ చేయకూడదు.

మాది హన్మకొండ. బాత్రూము బయటి గోడకు 6 లీటర్ల గీజరు ఏడేళ్లుగా ఉంది. మా అమ్మ దాన్ని నేటికీ బాయిలరనే అంటుంది. పెరట్లో కట్టెపేళ్లు, కొబ్బరిచిప్పలు వేసి నీళ్లు కాచిన రాగి బాయిలరు కాలం నుంచి వచ్చిన పేరు అది. ఆ బాయిలరుకు అగ్గిపుల్ల చాలు. ఈ గీజరుకు మాత్రం నీళ్ల ఒత్తిడి, సెల్లుల బలం, గ్యాసు, ఈ మూడూ ఒకే క్షణంలో కలిసి రావాలి. నల్లా తిప్పినప్పుడు పారే నీటి ఒత్తిడికి లోపల ఉన్న రబ్బరు పొర పైకి లేచి ఒక చిన్న స్విచ్చును నొక్కుతుంది. స్విచ్చు పడగానే సెల్లుల నుంచి బోర్డుకు కరెంటు అంది, బర్నరు పక్కనున్న కడ్డీ కొసన నిప్పురవ్వ పుడుతుంది. అదే సమయంలో విద్యుదయస్కాంతంతో పనిచేసే వాల్వు తెరుచుకొని గ్యాసును వదులుతుంది. మంట వచ్చిందని పక్కనున్న మరో కడ్డీ పసిగడితే రవ్వలు ఆగుతాయి, కొన్ని సెకన్లలో పసిగట్టకపోతే గ్యాసే ఆగిపోతుంది.

ఇది తెలిస్తే, మూత విప్పకుండానే చెవితో సగం జబ్బు పట్టుకోవచ్చు. నల్లా తిప్పినా ఏ శబ్దమూ లేదంటే గ్యాసు జోలికి పోనక్కరలేదు, లోపం నీళ్లలోనో సెల్లులలోనో ఉంటుంది. స్లాబు మీది ట్యాంకు గీజరుకు సరిపడా ఎత్తులో లేకపోతే రబ్బరు పొర లేవదు. పది మీటర్ల ఎత్తుకు ఒక బార్ ఒత్తిడి వస్తుంది కాబట్టి, పై అంతస్తులో ట్యాంకుకు రెండు మీటర్ల కిందే గీజరు ఉన్న ఇళ్లలో ఒత్తిడి 0.2 బార్ దగ్గరే ఉండి, ట్యాంకు సగమయ్యేసరికి పేచీ మొదలవుతుంది. మా వైపు బోరు నీళ్లు వాడే ఇళ్లలో నీళ్లు వచ్చే పైపు మొదట్లో ఉండే చిన్న జాలీ సన్నని ఇసుకతో పూడిపోవడం మరీ మామూలు. దాన్ని విప్పి పాత పళ్ల బ్రష్షుతో కడిగితే చాలు. వేడినీళ్లలో కలుపుకోవడానికి చన్నీళ్ల నల్లాను బాగా తిప్పినా గీజరులో పారే నీళ్లు తగ్గి మంట ఆరిపోతుంది. దీన్ని లోపమనుకొని మెకానిక్కును పిలిచిన వాళ్లు మా వీధిలోనే ఇద్దరున్నారు.

మీ ఇంట్లో శబ్దం వస్తున్నది కాబట్టి నీళ్లు సరిగానే ఉన్నట్టు. ఇక మిగిలింది సెల్లులు, గ్యాసు, రవ్వ. పొద్దున మొరాయించి మధ్యాహ్నం వెలగడం అనే లక్షణం మొదటి రెండింటికీ సరిపోతుంది.

సెల్లులతో మొదలుపెట్టండి. పాత టార్చిలైట్లలో వేసే పెద్ద సెల్లులు రెండుంటాయి, ఒక్కొక్కటి 1.5 వోల్టులు, రెండూ కలిపి 3. అవి నీరసపడినప్పుడు జరిగేది చాలామంది ఊహించనిది: రవ్వ పుట్టించే శక్తి ఇంకా మిగిలే ఉంటుంది, గ్యాసు వాల్వును లాగిపట్టే శక్తి మాత్రం చాలదు. అందుకే టిక్కుటిక్కుమంటుంది గాని గ్యాసు రాదు. చలికి సెల్లులు ఇంకా డీలా పడతాయి, ఎండ తగిలితే కాస్త కోలుకుంటాయి. శబ్దాల మధ్య ఎడం మునుపటి కంటే పెరిగిందేమో గమనించండి. ఎడం పెరిగితే సెల్లులే అనుకోవచ్చు. మార్చేటప్పుడు రెండూ ఒకేసారి మార్చాలి, ఒక పాతది ఒక కొత్తది వేస్తే పాతది కొత్తదాన్ని కూడా ముంచుతుంది. ఆల్కలైన్ రకం కొంచెం ఖరీదైనా మా ఇంట్లో చలికాలమంతా ఆగుతున్నది, మామూలు రకం రెండు నెలలు కూడా రాలేదు. సెల్లుల పెట్టె బాత్రూము ఆవిరికి తుప్పు పట్టి ఉంటే ఆ రేకులను గరుకు కాగితంతో తుడవండి. మా మొదటి ఏడాది కష్టమంతా ఆ పచ్చని తుప్పు వల్లనే. అది తెలియక నేను రెగ్యులేటరు మార్పించి, పైపు మార్పించి, ఆఖరున గీజరును తిట్టుకున్నాను.

సెల్లులు మార్చినా అదే తీరైతే సిలిండరును అనుమానించండి. ఈ సంగతి నాకు చెప్పింది ఆదిలాబాదు నుంచి సంక్రాంతికి వచ్చిన మా బావ. అక్కడి చలి ముందు వరంగల్ చలి ఒక చలే కాదని ఆయన వాదన. సిలిండరులో ఉండేది ద్రవం. అది ఆవిరైతేనే గ్యాసవుతుంది, ఆవిరి కావడానికి చుట్టూ ఉన్న గాలి నుంచి వేడిని గుంజుకోవాలి. వంటగ్యాసులో ఉండే ప్రొపేను మన దగ్గర ఎంత చలిలోనైనా ఆవిరవుతుంది గాని, బ్యూటేను దాదాపు సున్నా డిగ్రీల దగ్గరే ద్రవంగా మారిపోయే రకం కాబట్టి చలిలో దాని ఒత్తిడి బాగా పడిపోతుంది. సిలిండరు అడుగంటేసరికి ఎక్కువగా మిగిలేది బ్యూటేనే. స్టవ్వుకు ఆ కొద్ది గ్యాసు చాలుతుంది, గీజరుకు చాలదు. 6 లీటర్ల గీజరు గంటసేపు ఆగకుండా మండితే సుమారు కిలో గ్యాసు తింటుంది. అందుకే "స్టవ్వు మండుతున్నది కదా, గ్యాసు ఉన్నట్టే" అనే లెక్క గీజరు విషయంలో తప్పుతుంది.

ఎంత మిగిలిందో తెలుసుకోవడానికి సిలిండరు మీద రాసి ఉన్న ఖాళీ బరువును చూసి, తూకం వేసి, తేడా లెక్కించండి. నిండు సిలిండరులో 14.2 కిలోలు ఉంటుంది. తూకం లేకపోతే తడిగుడ్డతో సిలిండరును పై నుంచి కిందికి తుడవండి, ద్రవం ఉన్న మేరకు తడి ఆలస్యంగా ఆరుతుంది. అడుగున రెండు వేళ్ల మేరే తడి నిలిస్తే మీ జవాబు దొరికినట్టే. చివరి గ్యాసును పిండుకోవడానికి సిలిండరును పడుకోబెట్టడం, వేడినీళ్లలో నిలబెట్టడం మన ఇళ్లలో ఉన్న అలవాటే గాని అది ప్రమాదం. పడుకోబెడితే ద్రవమే రెగ్యులేటరులోకి దిగుతుంది. అడుగంటిన సిలిండరును వంటింటికి మార్చి నిండుదాన్ని గీజరుకు పెట్టడమే సరైన పని. కొత్త సిలిండరు పెట్టిన వెంటనే పైపులో గాలి ఉండడం వల్ల మొదటిసారి వెలగకపోవచ్చు, అది లోపం కాదు.

ఇక నా బోర్డు కథ. రెండేళ్ల కిందటి సంక్రాంతికి ఇంటి నిండా చుట్టాలు, గీజరు మొరాయించింది. సెల్లులు కొత్తవి, సిలిండరు నిండుది, శబ్దం గట్టిగానే ఉంది, మంట లేదు. వచ్చిన మెకానిక్కు మూత విప్పి ఒక నిమిషం చూసి, బోర్డుకు 1,800 రూపాయలవుతుంది, దానికంటే కొత్తది నయమన్నాడు. మరునాడు తెల్లవారకముందే కరెంటు పోయింది. గ్యాసు ఆపేసి ఉన్న గీజరు కింద నల్లాను చీకట్లో మరిచిపోయి తిప్పాను. మంట కనబడే చిన్న కిటికీలో వెలుగేమీ లేదు గాని, గీజరు పక్క సందులోంచి నీలిరంగు రవ్వ టిక్కుమన్నప్పుడల్లా మెరిసింది. రవ్వ పుడుతున్నది, పుట్టవలసిన చోట మాత్రం కాదు. రవ్వను మోసుకుపోయే వైరు మీది రబ్బరు తొడుగు వేడికి పగిలి, కరెంటు దగ్గరి దారి చూసుకొని రేకు మీదికే దూకుతున్నది. వేరే మెకానిక్కును పిలిచి ఇదే చూపిస్తే, వైరు మార్చి 150 రూపాయలు తీసుకున్నాడు. ఆ గీజరే ఇప్పటికీ నడుస్తున్నది.

మీరూ ఈ పరీక్ష చేయవచ్చు. రెగ్యులేటరు పూర్తిగా ఆపి, పది నిమిషాలు తలుపులు తెరిచి ఉంచి, వాసన లేదని నిర్ధారించుకున్నాకే, రాత్రిపూట లైటు లేకుండా నల్లా తిప్పి చూడండి. రవ్వ బర్నరు పక్కన కడ్డీ కొసనే కనబడాలి. వేరే చోట మెరిస్తే వైరు, ఎక్కడా మెరవకుండా శబ్దం మాత్రమే వస్తే కడ్డీకి పట్టిన మసి లేదా వైరు ఊడిపోవడం కారణం కావచ్చు. మూత విప్పడం మెకానిక్కుకే వదిలేయండి.

మంట వచ్చి ఐదారు సెకన్లకే ఆరిపోతుంటే కథ వేరు. మంటను పసిగట్టే కడ్డీకి మసి పడితే అలా జరుగుతుంది, సన్నని గరుకు కాగితంతో తుడిస్తే సరిపోతుంది. అయితే గాలి చాలకపోయినా అదే లక్షణం కనబడుతుంది, నేను ఎక్కువగా భయపడేది దానికే. చలి అని వెంటిలేటరుకు అట్టముక్కలు, గోనెసంచి కుక్కే ఇళ్లు ఎన్నో చూశాను. గాలి చాలనప్పుడు మంట పసుపుపచ్చగా మారి, రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడు పుడుతుంది; స్నానం చేస్తున్న మనిషికి తల తిరుగుతున్నదని తెలిసేలోపే కాళ్లలో సత్తువ పోతుంది. మీ గీజరు బాత్రూము లోపలే ఉంటే, వెలిగినా వెలగకపోయినా ముందు దాన్ని బయటి గోడకు మార్పించండి.

కొత్తది ఎప్పుడు కొనాలని కూడా అడిగారు. రాగి గొట్టాల చుట్ట చిల్లులు పడి అడుగు నుంచి నీళ్లు కారుతుంటే మరమ్మతుకు పెట్టే డబ్బు దండగ, అప్పుడు కొనండి. నీళ్లు సన్నగా వస్తూ అతిగా కాగుతుంటే అది గొట్టాల్లో పట్టిన సున్నం. నిమ్మఉప్పు కలిపిన నీళ్లతో మెకానిక్కు చేత కడిగిస్తే తెరుచుకుంటుంది. మీరు రాసిన లక్షణాల్లో ఈ రెండూ లేవు. రేపు పొద్దున ముందు సెల్లులు రెండూ మార్చి చూడండి, అప్పటికీ వెలగకపోతే సిలిండరును తూచండి.